సూపర్ హీరో నిజరూప దర్శనం

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవారికి నిజరూపం అనే మాట బరువు ఒకరు చెప్పనక్కరలేదు. సింహాచలం అప్పన్న స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపంతో దర్శనమిస్తాడు గనుక, ఆ కొన్ని గంటల కోసం ముందురోజు రాత్రే కొండెక్కి వరుసలో నిలబడే అలవాటు మా ఊళ్లో తరతరాలుగా ఉంది. అటువంటి ఊళ్లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు, సూపర్ హీరోలకు కూడా ఒక నిజరూపం ఉందనీ, అది కామిక్ పుస్తకాల్లో భద్రంగా ఉందనీ, సినిమావాళ్లు దాని మీద తమకు తోచిన పూతలు పూసి లోకాన్ని మభ్యపెడుతున్నారనీ కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకోకుండా ఫైలు తెరిచాడు.

ఆ ఫైలు నీలం అట్టది. లోపలి కాగితాలకు మూడు గళ్లు గీసి ఉన్నాయి: మూలంలో ఉన్నది, తెర మీద చూపినది, అపచారం స్థాయి. జగదాంబ జంక్షన్‌లో సినిమా చూసి వచ్చిన రాత్రి భోజనానికి కూర్చోకముందే ఆ గళ్లు నిండిపోతాయి. టిక్కెట్ల ఖర్చు నాది కాబట్టి సాక్షి సంతకం కూడా నాదే. నేను దస్తావేజు లేఖరిని. మూల దస్తావేజు చూపించలేని స్థలాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దని ముప్పై ఏళ్లుగా జనానికి చెబుతూ బతుకుతున్నవాణ్ణి. కనుక మూలం కోసం పోరాడే కుర్రవాడికి అండగా నిలవడం నా ధర్మమని భావించి, అతని ఫిర్యాదులను తెలుగు పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మొదటి ఫిర్యాదు వుల్వరిన్ ఎత్తుకు సంబంధించినది. 1974లో హల్క్ కామిక్‌లో తొలిసారి కనిపించిన ఈ వీరుడు, పుస్తకాల లెక్క ప్రకారం ఐదడుగుల మూడంగుళాల మనిషి. అతనికి పేరిచ్చిన జంతువు కూడా పొట్టిదే, పొగరుదే. అయితే 2000లో ఆ వేషం కట్టిన హ్యూ జాక్‌మన్ ఆరడుగుల రెండంగుళాలు ఉన్నాడు. అంటే తేడా పదకొండు అంగుళాలు. పక్కవాడి స్థలంలో పదకొండు అంగుళాలు కలుపుకుని గోడ కట్టినవాణ్ణి మా ఊళ్లో రెండు తరాల పాటు కోర్టుల చుట్టూ తిప్పుతారు. ఈ ఆక్రమణకు మాత్రం ప్రపంచమంతా పాతికేళ్లుగా చప్పట్లు కొడుతోంది.

తేడా ఎంతటిదో కళ్లారా చూడాలని మా మేనల్లుడు వంటింటి ద్వారబంధం మీద ఐదడుగుల మూడంగుళాల దగ్గర పెన్సిలుతో గీత గీసి, ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరిగా దాని కింద నిలబెట్టాడు. నేను గీతకు నాలుగు వేళ్లు పైకి వెళ్లాను. మా అక్క గీత కిందే ఆగిపోయింది. మూల గ్రంథానికి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయిన వ్యక్తి మా ఆవిడ ఒక్కతే. చేతిలో పప్పుగుత్తితో నిలబడి, "అక్కడ పోపు మాడిపోతోంది, ఆ కొలతలేవో తొందరగా కానివ్వండి" అని ఆమె మమ్మల్నిద్దరినీ చూసిన చూపును బట్టి, ఎత్తు ఒక్కటే కాదు, తక్కిన లక్షణాలు కూడా మూలానికి దగ్గరగానే ఉన్నాయని మాకు తోచింది గాని, ఆ మాట ఫైలుకెక్కించే సాహసం ఇద్దరిలో ఎవరమూ చేయలేదు.

ఈ కేసుకే అనుబంధంగా దుస్తుల వ్యవహారం ఒకటి ఉంది. కామిక్‌లో వుల్వరిన్ దుస్తులు చామంతి పువ్వులా పచ్చగా ఉంటాయి. 2000 నాటి సినిమాలో అందరికీ నల్ల తోలు తొడిగి, పసుపు దుస్తుల మీద ఒక పాత్ర చేత వెక్కిరింపు కూడా పలికించారు. ఆ పసుపు తెర మీదికి రావడానికి 2024 దాకా పట్టింది. దానికి హాలులో పడ్డ ఈలల్లో మా వాడి ఈల నాకు స్పష్టంగా వినిపించింది. అదే సినిమాలో ఒకచోట, పుస్తకంలో ఉన్న ఎత్తుకు తగినట్టుగా పొట్టి వుల్వరిన్‌ను కూడా ఒక్క క్షణం చూపించారు. ఇన్నేళ్లుగా కోరుకున్న నిజరూపం సాక్షాత్తూ ఎదుట నిలబడితే హాలంతా పడీ పడీ నవ్వింది. మా వాడు కూడా నవ్వాడు. నేను సాక్షిని.

రెండో ఫిర్యాదు దగ్గర మాకు చిక్కు వచ్చింది. 2013 సినిమాలో సూపర్‌మ్యాన్ జాడ్ అనే శత్రువు మెడ విరిచి చంపాడు. అసలు సూపర్‌మ్యాన్ ప్రాణం తీయడనే కారణంగా మా వాడు దీన్ని అత్యున్నత స్థాయి అపచారంగా నమోదు చేశాడు. సంతకం పెట్టేముందు, వృత్తి అలవాటు కొద్దీ, నేను ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన పాత లావాదేవీల పత్రం, తీయిద్దామన్నాను. లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటీ తిరగేసుకుంటూ వెనక్కి వెళితే, 1988లో సాక్షాత్తూ కామిక్ పుస్తకంలోనే సూపర్‌మ్యాన్ జాడ్‌తో సహా ముగ్గురికి క్రిప్టోనైట్‌తో మరణశిక్ష అమలు చేశాడని తేలింది. సరే, క్రిప్టోనైట్ సంగతేమిటని ఇంకా వెనక్కి వెళితే, సూపర్‌మ్యాన్‌ను కూలదోసే ఆ ఆకుపచ్చ రాయి ముందుగా పుట్టింది పుస్తకంలో కాదు, 1943లో రేడియో నాటకంలో. కామిక్‌వాళ్లు దాన్ని ఆ తరువాత తెచ్చుకుని తమ పెరట్లో పాతుకున్నారు.

మరీ వెనక్కి, 1938 నాటి తొలి సంచికకు వెళ్లేసరికి కథ పూర్తిగా అడ్డం తిరిగింది. ఆ సంచికలోని సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు. గెంతడం మాత్రమే వచ్చు, అదీ ఒక్క గెంతుకు మైలులో ఎనిమిదో వంతు. మన లెక్కలో సరిగ్గా ఒక ఫర్లాంగు. అతణ్ణి నిలకడగా ఎగరేసిన ఘనత 1941లో మొదలైన యానిమేషన్ చిత్రాలది. తెర మీద పదే పదే గెంతులు వేయిస్తే బాగుండదని వారికి తోచింది. ఆ తరువాత పుస్తకం కూడా నోరు మూసుకుని ఎగరడం నేర్చుకుంది.

మూలవాదం మీద గౌరవం కలవాడిగా నేను ఇక్కడ రాజీ పడలేను. ఇకమీదట తీయబోయే సినిమాల్లో సూపర్‌మ్యాన్ విధిగా గెంతాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బయలుదేరి, గాజువాకలో ఆపదలో ఉన్నవారిని కాపాడాలంటే, కిలోమీటరుకు ఐదు గెంతుల చొప్పున, ఫర్లాంగుకోసారి నేలమీద కాలు మోపుతూ, సిటీ బస్సు కన్నా ఎక్కువ చోట్ల ఆగుతూ వెళ్లాలి. ఎన్ఏడీ జంక్షన్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెడితే గాలిలో ఎలా ఆగుతాడన్నది దర్శకుడు చూసుకోవలసిన విషయం. నా షరతు ఫర్లాంగు దాటకూడదన్నది ఒక్కటే.

ఈ షరతు మా మేనల్లుడికి నచ్చలేదు. "మావయ్యా, పుస్తకం తనంతట తాను మారితే అది పరిణామం. సినిమావాడు మారిస్తే అది అపచారం" అన్నాడు. న్యాయమే. రిజిస్టరులో తాసీల్దారు దిద్దితే సవరణ, మనం దిద్దితే ఫోర్జరీ. అయితే పుస్తకం సినిమాను చూసి మారితే దాన్ని ఏ గడిలో వేయాలన్నది నా సందేహం. ఈ సందేహం బ్యాట్‌మ్యాన్ ఇంటి నౌకరు ఆల్‌ఫ్రెడ్ వల్ల కలిగింది. 1943లో కామిక్‌లో ప్రవేశించినప్పుడు ఆల్‌ఫ్రెడ్ బొద్దుగా, మీసం లేకుండా, కాస్త నవ్వులాటగా ఉండేవాడు. అదే ఏడాది తీసిన సీరియల్ సినిమాలో ఆ వేషానికి సన్నని మీసమున్న బక్కపలచని నటుణ్ణి పెట్టారు. పుస్తకంవాళ్లు ఆ నటుణ్ణి తిట్టిపోయలేదు. తమ ఆల్‌ఫ్రెడ్‌నే సెలవు మీద ఆరోగ్య కేంద్రానికి పంపించి, ఒళ్లు తగ్గించి, మీసం పెంచి వెనక్కి తెచ్చుకున్నారు. అప్పటినుంచి ఈనాటి దాకా ఆల్‌ఫ్రెడ్ మీసం మూలానికి విధేయమైనదిగానే చలామణి అవుతోంది. సింహగిరి మీద గంధం కింద స్వామి ఉన్నాడు. ఇక్కడ మాత్రం ఎంత గోకినా గంధం కింద గంధమే తగులుతోంది.

నిక్ ఫ్యూరీ వ్యవహారం ఇంతకన్నా విడ్డూరమైనది. 1963 నుంచి కామిక్‌లలో తెల్లవాడిగా ఉన్న ఆ గూఢచారి పాత్రను 2002లో ఒక కొత్త కామిక్ వరసలో శామ్యూల్ ఎల్. జాక్సన్ అనే నల్లజాతి నటుడి పోలికలతో గీశారు. 2008లో ఆ పాత్రకు నటుడు కావలసివస్తే శామ్యూల్ ఎల్. జాక్సన్‌నే తెచ్చి నిలబెట్టారు. ముందే ఫోటో అంటించి, తరువాత మనిషిని పిలిపించి సంతకం పెట్టించినట్టు. మా వృత్తిలో ఇది కేసు అవుతుంది.

అభిమానుల ఆగ్రహాన్ని తేలికగా తీసుకోకూడదు. బ్యాట్‌మ్యాన్ వేషం మైకేల్ కీటన్ అనే హాస్యనటుడికి ఇచ్చారని తెలిసినప్పుడు నిర్మాణ సంస్థకు యాభై వేల నిరసన ఉత్తరాలు చేరాయని చెబుతారు. ఆ రోజుల్లో ఉత్తరం అంటే కాగితం, కవరు, స్టాంపు, పోస్టాఫీసు దాకా నడక. 1989లో ఆ సినిమా వచ్చింది. అందులో బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రుల హత్యను, మూలంలోని జో చిల్ అనే చిల్లర దొంగ పేరు మీద నుంచి తప్పించి జోకర్ ఖాతాలోకి బదలాయించారు కూడా. రెవెన్యూ భాషలో ఇటువంటి పేరు మార్పును మ్యుటేషన్ అంటారు. సూపర్ హీరోల భాషలో ఆ మాటకు అర్థం వేరని, ఒంట్లో మార్పు వచ్చి శక్తులు పుట్టడమని మా వాడు నన్ను సరిదిద్దాడు. సినిమా వచ్చాక గొడవ సద్దుమణిగింది. 2023లో అదే కీటన్ అదే ముసుగుతో మరో సినిమాలో తిరిగి కనిపించినప్పుడు, అసలైన బ్యాట్‌మ్యాన్ వచ్చాడని మా మేనల్లుడు సీట్లోంచి లేచి నిలబడ్డాడు. ఆ ఉత్తరాల నాటికి వాడు పుట్టలేదు, వాడి తల్లికి పెళ్లి కాలేదు.

స్పైడర్‌మ్యాన్ సాలెగూడు తాడు మూలంలో మణికట్టుకు కట్టుకున్న యంత్రంలోంచి వస్తుంది, 2002 సినిమాలో నేరుగా ఒంట్లోంచి వచ్చింది. బడి కుర్రవాడు ప్రపంచంలో ఏ కంపెనీకీ చేతకాని జిగురును పడకగదిలో తయారు చేయడమే నమ్మశక్యంగా ఉందని మా వాడు వాదిస్తాడు. తన సెమిస్టరు ప్రాజెక్టును దుకాణంలో రెడీమేడ్‌గా కొనుక్కుని, దాన్ని ఆన్ చేయడం ఎలాగో నన్ను అడిగినవాడు. అయినా సినిమా వచ్చిన రెండేళ్లకు కామిక్‌లోని స్పైడర్‌మ్యాన్‌కు కూడా కొంతకాలం ఒంట్లోంచే తాడు వచ్చింది.

థానోస్ విషయంలో మాత్రం నేను మా వాడి పక్షమే. 1991 కామిక్‌లో థానోస్ సగం విశ్వాన్ని తుడిచిపెట్టింది మృత్యుదేవత మీద ప్రేమతో, ఆమె మెప్పు కోసం. 2018 సినిమాలో ఆ ప్రేమను ఎత్తేసి, జనం ఎక్కువై వనరులు చాలడం లేదన్న కారణం పెట్టారు. తెలుగులో ఆ పాత్రకు రానా గంభీరంగా గొంతు అరువిచ్చినా, మాటలు వింటుంటే నాకు ఏప్రిల్ నెలలో మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ కార్యదర్శి నీళ్ల ట్యాంకు గురించి మాట్లాడుతున్నట్టే అనిపించింది. ఆయన కూడా సగం ఫ్లాట్లు ఖాళీ అయితే సమస్య తీరుతుందనే అంటాడు. పిల్ల మెప్పు కోసం లోకాన్ని తగలబెట్టే ప్రేమికుడు మన తెలుగువాడికి పాత చుట్టం. అటువంటివాణ్ణి మన నుంచి దూరం చేయడం అన్యాయం.

ఇంత నిష్ఠ గల మా మేనల్లుణ్ణి నేను ఒక్కసారే ఇరుకున పెట్టాను. ఒక ఆదివారం టీవీలో 1957 నాటి మాయాబజార్ వస్తోంది. సావిత్రి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా కళ్లు ఉరిమి చూస్తుంటే వాడు నవ్వలేక నవ్వలేక దిండు కరుచుకున్నాడు. నేను నీలం ఫైలు తెచ్చి పక్కన కూర్చుని, వ్యాసుడి భారతంలో శశిరేఖ అనే పిల్లే లేదనీ, అభిమన్యుడి భార్య ఉత్తర అనీ, దీన్ని ఏ స్థాయి అపచారం కింద రాసుకోమంటావనీ అడిగాను. పనిలో పనిగా లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో కనిపించదన్న సంగతి కూడా చెప్పి, 1980లో ఎన్టీఆర్ తెలుగు సూపర్‌మ్యాన్ అయినప్పుడు శక్తులు అసలు సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ గ్రహం నుంచి కాక ఆంజనేయస్వామి వరం వల్ల వచ్చాయని గుర్తుచేశాను. వాడు రిమోట్ తీసుకుని శబ్దం పెంచాడు. "అది వేరు మావయ్యా" అన్నాడు. ఏది వేరో నేను అడగలేదు. అప్పుడే పాట మొదలైంది, అది నాకూ ఇష్టమే.

ఫైలులో చివరిగా చేరినది హల్క్ కాగితం. 1962 మే నెల తేదీతో వచ్చిన మొదటి సంచికలో హల్క్ ఆకుపచ్చగా ఉండడు, బూడిద రంగులో ఉంటాడు. ఆ బూడిద రంగు అచ్చులో పేజీకో తీరుగా పడుతుండటంతో రెండో సంచిక నుంచి ఆకుపచ్చ వేశారు. మా వాడు ఆ బూడిద హల్క్ బొమ్మను రంగుల ప్రింటు తీయించి, ఇదే నిజరూపమని పైన రాసి, తక్కిన అన్ని సినిమాలకూ కలిపి ఒకే నోటీసు తయారు చేద్దామని బల్లమీద పెట్టాడు. కాగితం అక్కడే వదిలి టీ తాగడానికి వెళ్లాడు.

ఒకటో తరగతి చదివే మా మనవరాలు వచ్చి ఆ బొమ్మను కాసేపు తలవంచి చూసింది. రంగు వేయడం మరచిపోయారనుకుంది. తన స్కెచ్ పెన్నుల డబ్బాలోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, నాలుక బయటపెట్టి, చేతులు మొదలుకుని చెవుల దాకా ఎక్కడా తెల్ల చుక్క మిగలకుండా, గీతలు కూడా దాటకుండా నింపేసింది. మా మేనల్లుడు టీ గ్లాసుతో తిరిగివచ్చి, గుమ్మంలో నిలబడి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కూర్చుని, కాగితానికి కన్నాలు వేసి, ఫైలులో బూడిద హల్క్ ఉండవలసిన చోటనే ట్యాగుతో కట్టి, పై మూలన పెన్సిలుతో రెండవ సంచిక అని రాసుకున్నాడు. సాక్షి సంతకం నన్ను అడగలేదు, దాని చేతనే పెట్టించాడు.