టెంప్లేట్ డాట్ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బేస్ టెంప్లేట్ గారికి,

మీ నీడన బతికే డెవలపర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. సర్వర్ కూడా ప్రస్తుతానికి క్షేమమే.

2009లో జేఎస్ఎఫ్ 2.0 (జావాలో వెబ్ పేజీలు కట్టే పద్ధతి)తో, పేజీల అచ్చులు చూసుకునే ఫేస్‌లెట్స్ గద్దెనెక్కినప్పుడు మాకు చెప్పింది ఒక్కటే. హెడర్, మెనూ, ఫుటర్ ఒక్కసారి రాసుకోండి. మారే చోట ఇన్సర్ట్ అనే ట్యాగ్ పెట్టి వదిలేయండి. ఏ పేజీకి కావలసింది ఆ పేజీ అదే పేరున్న డిఫైన్ ట్యాగ్‌తో నింపుకుంటుంది. శుభలేఖ మోడల్ లాంటిదన్నమాట: వినాయకుడు, శ్లోకం అలాగే ఉంటాయి, వధూవరుల పేర్లే మారతాయి.

కాకపోతే పెళ్లికొడుకు పేరు లేకుండా మ్యాటర్ పంపితే ప్రెస్సువాడు ఫోన్ చేసి అడుగుతాడు. మీరు అడగరు. మీలో ఇన్సర్ట్ పేరు ‘కంటెంట్’. కొత్తగా చేరిన కుర్రాడు తన డిఫైన్‌కి ‘కంటెంట్స్’ అని పెట్టాడు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. వాడు రాసిన ఫారం మొత్తం మింగేసి, మీ డీఫాల్ట్ ‘స్వాగతం’ చూపించారు. పాపం, సాయంత్రం దాకా బీన్‌లో (పేజీ వెనకుండే జావా కోడ్‌లో) వెతికాడు, డేటాబేస్‌ను అనుమానించాడు, బ్రౌజర్ క్యాష్ కూడా క్లియర్ చేశాడు. పేజీలో ఈ డిఫైన్లన్నిటినీ చుట్టి ఉండే కంపోజిషన్ ట్యాగ్ బయట ఏం రాసినా అదే గతి. (బయటిది కూడా కనపడాలంటే దాని బదులు డెకరేట్ ట్యాగ్ వాడాలి. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈపాటికి వేరే కంపెనీలో ఉంటారు.)

అసలు బాధ అది కాదు. ఓవర్‌రైడ్ చేసుకోవాల్సింది పేజీలు కదా, వాటి గొడవలన్నీ మీలోకి ఎలా వచ్చాయి? లాగిన్ పేజీకి మెనూ వద్దన్నారు. ఆ పేజీలో ఖాళీ డిఫైన్ ఒకటి పెడితే సరిపోయేది. లోపల ఏమీ లేకపోయినా అది మీ డీఫాల్ట్‌ను పక్కకు నెట్టేస్తుంది. కానీ ఎవరో మీలోనే, మెనూ ఎప్పుడు కనపడాలో చెప్పే రెండర్డ్ కండిషన్ పెట్టారు. తర్వాత రిపోర్ట్స్ పేజీకొకటి, ప్రింట్ పేజీకొకటి. ఇప్పుడు మీ మెనూ కండిషన్ చదవాలంటే స్క్రీన్ పక్కకు జరుపుకుంటూ పోవాలి. ఏ పేజీతోనూ సంబంధం లేకుండా ఉండాల్సిన మీకు ప్రతి పేజీ పేరూ కంఠతా వచ్చు.

అందుకే మిమ్మల్ని ముట్టుకోవాలంటే సీనియర్లకే టెన్షన్. దాంతో టెంప్లేట్ టూ, టెంప్లేట్ న్యూ, టెంప్లేట్ న్యూ ఫైనల్ పుట్టుకొచ్చాయి. లోగో మార్చమంటే మూడింట్లో మార్చారు. నాలుగోది ఎవరూ వాడట్లేదని అందరూ నమ్మారు, కస్టమర్ తప్ప. మీ ట్యాగ్‌లు ఎక్కడివో చెప్పే నేమ్‌స్పేస్ చిరునామా 2013లో ఒకసారి, 2022లో ఫేసెస్ 4.0 (జేఎస్ఎఫ్‌కే కొత్త పేరు)తో ఇంకోసారి మారింది. మీ నలుగురిలో ఇద్దరు ఇంకా జావాను పుట్టించిన సన్ కంపెనీ చిరునామాలోనే కాపురం ఉంటున్నారు. దాన్ని 2010లోనే ఒరాకిల్ కొనేసిందని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఎవరైనా తప్పు పేరుతో డిఫైన్ పంపితే లాగ్‌లో ఒక్క లైను రాయండి. మీలో పేరుకుపోయిన కండిషన్లను ఆయా పేజీలకు అప్పగించండి.

ఇట్లు,
మిమ్మల్ని కాపీ చేసి ఐదో ఫైలు తయారుచేయమని ఇప్పుడే మెయిల్ అందుకున్న డెవలపర్

తా.క.: ఈ ఉత్తరాన్ని మీలోనే కామెంట్‌గా పెడదామనుకున్నాను. కానీ హెచ్‌టీఎంఎల్ కామెంట్‌లో ఉన్న ఎక్స్‌ప్రెషన్‌ను (బీన్ నుంచి విలువ తెచ్చే కోడ్ ముక్కను) కూడా మీరు వదలకుండా లెక్కగట్టి బ్రౌజర్‌కు పంపుతారు. దాన్ని ఆపే స్కిప్ కామెంట్స్ సెట్టింగ్ కోసం టికెట్ వేశాం. ఇంకా ఓపెన్‌లోనే ఉంది.