వ్యూస్ సరే, మొక్క ఎవరు కొన్నారు?

ఇది పొడుగు పోస్టు. నర్సరీ వాళ్లు, మిద్దె తోటల వాళ్లు ఓపిగ్గా చదవండి. మిగతావాళ్లు స్క్రోల్ చేసుకోండి, ఏమీ అనుకోను.

మాది కడియం దగ్గర ఎకరంన్నర నర్సరీ. మా నాన్నగారి రోజుల్లో పబ్లిసిటీ అంటే రోడ్డు మీద ఒక బోర్డు, దాని పక్కన విరగబూసిన కాగితం పూల చెట్టు. అది చూసి కారు ఆగేది. ఇప్పుడు కారు ఆగాలంటే ముందు ఫోన్లో వేలు ఆగాలన్నారు. నిజమే కదా అని నిరుడు ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీకి ఆరు నెలల ప్యాకేజీ కట్టాను. రోజుకో రీల్, పండక్కో పోస్టర్.

ఒక రీల్‌లో నేను అడీనియం కుండీ పట్టుకుని గిర్రున తిరిగి నవ్వాలి, వెనక ఏదో హిందీ పాట. యాభై దాటిన మనిషిని. తిరిగాను, నవ్వాను. లక్ష వ్యూస్ దాటాయి. కామెంట్లలో సగం మందిది మన రాష్ట్రమే కాదు, లోడు తీసుకునే వ్యాపారులూ కాదు. ఆ వారం అమ్మిన అడీనియంలు నాలుగు. ఆ నాలుగూ కొన్నది రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. చెల్లెలి గృహప్రవేశానికట. ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను.

అంతవరకూ నవ్వుకోవచ్చు. అసలు దెబ్బ మే నెలలో తగిలింది. 'సమ్మర్ ఆఫర్' అని మామిడి అంట్ల మీద ఇరవై శాతం తగ్గింపు పోస్టు పెట్టారు. నేను లోడు పని మీద ఉండి చూసుకోలేదు, తప్పు నాదే. ఆ ఒక్క ఆఫర్ మాత్రం బాగా పనిచేసింది, అదే నా ఖర్మ. జనం వచ్చారు, కొన్నారు, నలభై దాటిన ఎండలో తీసుకెళ్లి పాతారు. జూన్‌లో వానలు మొదలయ్యేసరికి సగం మాడిపోయాయి. మ్యాప్స్‌లో మా నర్సరీ పేరు కింద ఒక్క స్టార్ రివ్యూలు వరసగా పడ్డాయి. 'చచ్చిన మొక్కలు అమ్ముతారు' అని ఒకాయన రాశాడు. ఆయన్ని ఏమంటాను?

మొక్క ఫోను కవర్ కాదండీ, ఏ నెలలో అమ్మినా ఒకేలా ఉండటానికి. మేలో మామిడి గురించి పెట్టాల్సిన పోస్టు వేరు. 'ఇప్పుడు గొయ్యి తవ్వండి, మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఎండకు ఎండనివ్వండి. పశువుల ఎరువు కలిపిన మట్టి సిద్ధం చేసుకోండి. మొక్క కోసం మొదటి వాన పడ్డాక రండి.' ఇది పెడితే మేలో ఒక్క రూపాయి రాదు. కానీ గొయ్యి తవ్వుకున్న మనిషి జూన్‌లో మొక్క కొనక ఏం చేస్తాడు? ఈ మాట చెప్తే ఏజెన్సీ కుర్రాడు 'సార్, అందులో ఎంగేజ్‌మెంట్ ఉండదు' అన్నాడు. అంటే లైకులు, కామెంట్లు రావని. గోతిలో ఎంగేజ్‌మెంట్ ఎందుకుంటుంది నాయనా, మట్టి ఉంటుంది.

పండగ పోస్టర్ల సంగతి. వినాయక చవితికి ప్రతి నర్సరీ పేజీలోనూ అదే గణపతి బొమ్మ, అవే శుభాకాంక్షలు, మూలన లోగో. చవితికి జనానికి కావలసింది శుభాకాంక్షలా, పత్రా? ప్యాకేజీ అయిపోయాక నేనే ఫోను పట్టుకున్నాను. చవితికి పది రోజుల ముందు 21 పత్రిలో మా దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్క తీశాం. మాచిపత్రి, తులసి, మరువం, మారేడు, దానిమ్మ, జాజి, గన్నేరు, జమ్మి, రావి, మద్ది, వావిలి, విష్ణుక్రాంతం... ఒక్కో ఆకు చేత్తో పట్టుకుని, పూజ పుస్తకంలో పేరు ఏది, మన ఊళ్లో పేరు ఏది అని చెప్తూ వీడియో తీశాను. సింధువారం అంటే వావిలి. అర్జున అంటే మద్ది. అపామార్గం అంటే ఉత్తరేణి, అది నేను అమ్మను, మీ గోడ పక్కనే మొలిచి ఉంటుంది, వెళ్లి చూసుకోండి. పాట లేదు, గిరగిరా తిరగడం లేదు, వెనక మా కుక్క మొరుగుడు ఉంది. ఆరు వేల వ్యూస్ కూడా రాలేదు. ఫోన్లు మాత్రం మూడు రోజులు మోగుతూనే ఉన్నాయి. మాచిపత్రి, మరువం కుండీలు ఖాళీ. జమ్మి మొక్కలు కొన్నింటిని దసరాకని పక్కన పెట్టించుకున్నారు.

దసరాకు ఇంట్లో బంతిపూలు కావాలంటే నారు శ్రావణంలో నాటాలి. ఆ పోస్టు శ్రావణంలో ఉండాలి, దసరా రోజు కాదు. మన పంచాంగమే మనకు కంటెంట్ క్యాలెండర్, దానికి ఎవరికో డబ్బులు కట్టడం ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇక నా ఒళ్లు మండే సంగతికి వస్తాను. 'ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి.' ఎందుకు చేయాలి? నేను ఈ ఊళ్లోవాణ్ణే, కారణం నాకు తెలుసు. రేటు బయట పెడితే పక్క గట్టువాడు ఐదు రూపాయలు తగ్గించి పెడతాడని భయం. హోల్‌సేల్ వాళ్లు రీటైల్ రేటు చూసి గొడవ పడతారని ఇంకో భయం. కానీ కొనేవాడి వైపు నుంచి చూడండి. హైదరాబాదులో మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టుకున్న అమ్మాయి రేటు అడగడానికి మొహమాటపడి పోస్టు దాటేస్తుంది. అడిగినవాళ్లకు మనం సాయంత్రం జవాబిస్తే, మధ్యాహ్నమే ఇంకోచోట కొనేసి ఉంటారు.

ఉత్త రేటు పెట్టినా చాలదు. ఆరంగుళాల కవర్లో ఉన్న మొక్క, డ్రమ్ములో మూడేళ్లు పెరిగిన మొక్క, ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. రేటులో పదింతల తేడా. అందుకే పక్కన ఒక ఇటుక పెట్టి ఫోటో తీయండి. ఇటుక సైజు తెలియని తెలుగువాడు ఉండడు. కవరు ఎంత, ఎత్తు ఎంత, అంటు మొక్కా విత్తనం మొక్కా రాయండి. మామిడి అయితే అంటు కట్టిన చోటు దగ్గరగా చూపించండి. టెంకె మొక్కను అంటు అని అంటగట్టే ఘనులు మనలో ఉన్నారు, ఆ అతుకు చూపించే ధైర్యం వాళ్లకు ఉండదు.

నీలం గులాబీ విత్తనాలు అమ్మే పేజీల గురించి ఏం చెప్పను? గులాబీలో నీలం రంగునిచ్చే డెల్ఫినిడిన్ అనే పదార్థం అసలు తయారవదు. జపాన్‌లో సంటోరీ అనే కంపెనీ వాళ్లు ఆస్ట్రేలియా సంస్థతో కలిసి ఏళ్ల తరబడి జన్యువులతో కుస్తీ పట్టి, 2009లో ఒక పువ్వును మార్కెట్లోకి తెచ్చారు. అది కూడా చూస్తే లేత ఊదా. ఇక్కడేమో విత్తనాల ప్యాకెట్టు, మీద సిరా రంగు బొమ్మ! అలాంటి ఒక్క మోసం చూసినవాడు నా బోగన్‌విలియా అసలు రంగును కూడా నమ్మడు. కోనోకార్పస్ అనే గుబురు చెట్టును 'ఆరు నెలల్లో పచ్చని గోడ' అని రీల్స్ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. తెలంగాణలో హరితహారం నర్సరీల్లో దాన్ని పెంచొద్దని 2022లోనే చెప్పారు. మేమూ ఒకప్పుడు అమ్మాం, దాచను. ఇప్పుడు అడిగినవాళ్లకు వద్దని చెప్పి నందివర్ధనం చూపిస్తున్నాను. కొందరు విసుక్కుని పక్క నర్సరీకి పోతున్నారు. పోనివ్వండి.

ఒక చిన్న విషయం, చాలామంది తోటివాళ్లకు తెలియదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే ఒకేసారి చాలామందికి మనం పంపే మెసేజ్, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. రెండేళ్లు నేను గాలికి గుడ్ మార్నింగ్‌లు పంపాను. ఇప్పుడు బిల్లు ఇచ్చేటప్పుడే, 'అమ్మా, నంబరు సేవ్ చేసుకోండి, మొక్క ఆకు రాలిస్తే ఫోటో పెట్టండి' అంటున్నాను. పెడుతున్నారు. కొత్త చోటుకు వెళ్లిన మొక్క కొన్ని ఆకులు రాలుస్తుంది, వెంటనే కుండీ మార్చకండి, నాలుగు రోజులు నీడలో ఉంచండి అని జవాబిస్తాను. రోజుకు పదిసార్లు టైప్ చేయలేక అదే మాట ఒక నిమిషం వీడియో చేసి పెట్టాను. మా పేజీలో అందరూ పక్కవాళ్లకు పంపుకునే వీడియో అదే. అందులో ఉన్నది పండిపోయిన ఆకులతో వేలాడుతున్న మందారం. ఏజెన్సీ అయితే దాన్ని ఫ్రేములోకి రానిచ్చేది కాదు.

రేపు పొద్దున్న మల్లె వీడియో తీయాలి. డిసెంబరు కదా, నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించే సమయం. ఇప్పుడు చేస్తేనే ఎండాకాలం మొదట్లో మొగ్గ. మీ ఇంట్లో మల్లె ఉంటే కత్తెర సిద్ధం చేసుకోండి. లేకపోతే గుండుమల్లె, ఎనిమిదంగుళాల కవరు, అడుగున్నర ఎత్తు, 60 రూపాయలు. ఇన్‌బాక్స్‌కు రానక్కర్లేదు.