ఇంటూ గుర్తుకో దండం

మాదాపూర్ అద్దాల మేడల్లో కూర్చుని యాప్‌లు డిజైన్ చేసే పిల్లల్ని జనం ఊరికే ఆడిపోసుకుంటున్నారు. వాడేవాళ్ల కష్టం వాళ్లకి తెలీదట, చదువు సరిగా ఒంటబట్టలేదట. ఇది పచ్చి అన్యాయం. నాకు తెలిసి వాళ్లంత శ్రద్ధగా చదువుకున్నవాళ్లు ఈ ఊళ్లో లేరు.

ఫిట్స్ సూత్రమే తీసుకోండి. పాల్ ఫిట్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లో తేల్చిన సంగతి అది. అందుకోవాల్సింది ఎంత పెద్దగా, ఎంత దగ్గరగా ఉంటే చెయ్యి అంత త్వరగా దాన్ని చేరుతుంది. మనవాళ్లు దీన్ని అటునుంచీ ఇటునుంచీ కంఠస్థం చేశారు. అందుకే డబ్బు కట్టే బటన్ బొటనవేలి కిందే, బొబ్బట్టంత ఉంటుంది. ప్రకటన మూసే ఇంటూ గుర్తు ఎక్కడో పై మూలన, ఆవగింజంత. వేలు ఆనడానికి కనీసం 44 పాయింట్ల చోటుండాలని యాపిల్, 48 డీపీలు ఉండాలని గూగుల్ రాసిపెట్టాయి (రెండూ తెర మీద కొలతలే). అవి బొబ్బట్ల గురించి రాసినవి కాబోలు.

పోయిన ఆదివారం మా నాన్నగారు ఒక యాప్‌లో సభ్యత్వం రద్దు చేద్దామని కూర్చున్నారు. ఏ యాపో చెప్పను. కూకట్‌పల్లిలో మా ఇంటి వరండా, మిట్టమధ్యాహ్నపు వెలుతురు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకున్నారు. తెల్లటి తెర మీద బూడిదరంగు అక్షరాలు. అక్షరానికీ వెనకున్న రంగుకీ వెలుగులో కనీసం 4.5కి 1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి గానీ, అవి ఎండలో కూర్చోని వాళ్లకి.

"ఒరేయ్, ఇక్కడేమన్నా రాసుందా, మరకా?"

"రాసుంది నాన్నా. ‘వద్దు, డబ్బు ఆదా చేసుకోవడం నాకిష్టం లేదు’ అని. అది నొక్కితే రద్దవుతుంది."

ఆయన ముప్పై ఏళ్లు ట్రెజరీలో పనిచేశారు. అర్ధరూపాయి తేడా వస్తే రాత్రి పదింటి దాకా ఆఫీసులోనే లెక్కలు తిరగేసిన మనిషి.

"నేనెందుకంటానురా ఆ మాట?" అన్నారు. అనలేదు, నొక్కలేదు. మర్నాడు ఖాతాలోంచి 1,499 రూపాయలు పోయాయి.

ఇలా సిగ్గుపడేట్టు చేసి నొక్కనివ్వకపోవడాన్ని కన్ఫర్మ్ షేమింగ్ అంటారు. ఇలాంటి టక్కులన్నిటికీ కలిపి డార్క్ ప్యాటర్న్స్ అని 2010లో పేరు పెట్టింది హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్. 2023 నవంబరులో మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వీటిలో 13 రకాలు లెక్కగట్టి, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చాలా మేలు జరిగింది. అప్పటిదాకా ఆరేడు తెలిసినవాళ్లకి మిగతావీ తెలిశాయి.

ఆ పదమూడింట్లో అడగని సరుకుని బుట్టలో వేసే విద్య ఒకటుంది. దాన్ని మాత్రం వీళ్లు కనిపెట్టారంటే ఒప్పుకోను. మన ఇరానీ హోటల్లో కూర్చోగానే, అడక్కుండానే, చిన్న సమోసాల ప్లేటు బల్ల మీదకి వచ్చేది. ఎనిమిది పెట్టేవాడు, రెండు తింటే రెండింటికే డబ్బులు తీసుకునేవాడు. చూడండి, ఎంత దగ్గరదాకా వచ్చి ఆగిపోయాడో! పెట్టిన ఎనిమిదికీ లెక్క కట్టాలని, వద్దంటే ‘ఆకలితో మాడడం నాకిష్టమే’ అనిపించుకోవాలని పాపం తోచలేదు. టికెట్ కొంటుంటే ముందే టిక్ పెట్టేసి ఉన్న ఇన్సూరెన్సూ, దాని కిందే విరాళమూ కనబడినప్పుడల్లా నాకు ఆ వెయిటర్ గుర్తొచ్చి జాలేస్తుంది.

అన్నట్టు, నాన్నగారి కథ అక్కడితో అయిపోలేదు. డబ్బు కట్ అయిన సాయంత్రమే ‘మా సేవ మీకెలా అనిపించింది?’ అంటూ యాప్ తెరుచుకుంది. అయిదు నక్షత్రాలు, బంగారు రంగువి, ఒక్కోటి రూపాయి బిళ్లంత. ఇంటూ గుర్తు కోసం కాసేపు వెతికి, దొరక్క, ఎలాగోలా ఆ తెర పోతే చాలని అయిదోదాని మీద వేలు పెట్టారు. ఈసారి కళ్లజోడు కూడా అక్కర్లేకపోయింది.