పశువు ఎందుకు చనిపోయిందో చెప్పే చదువు

2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. కారణం హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో తేలింది. అంతకు కొద్ది వారాల ముందే గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో ఈ బర్డ్ ఫ్లూ ఉన్నట్టు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్ నిర్ధారించింది. చికెన్ తినొచ్చా, గుడ్డు తినొచ్చా అని విజయవాడ, గుంటూరు ఇళ్లలో టెన్షన్ పడ్డారు. కోళ్ల జబ్బుల్ని చదువుకున్నవాళ్లు మనకు ఎంతమంది ఉన్నారు, వాళ్లతో ఏం పని చేయించుకుంటున్నాం అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు.

ఆ చదువు మన పక్కనే ఉంది. విజయవాడ దాటి ఏలూరు వైపు వెళ్తే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల వస్తుంది. 1998లో మొదలైన ఈ కాలేజీ ఇప్పుడు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు. బైపీసీ పిల్లల ఇళ్లలో ఈ సీటు గురించి మాట్లాడే తీరు అందరికీ తెలిసిందే. "ఎంబీబీఎస్ రాకపోతే చూద్దాంలే" అంటారు. సీటు వచ్చాక "గవర్నమెంట్ పోస్టు పడుతుందా" అని అడుగుతారు. ఆ ఐదున్నరేళ్లలో పాథాలజీ (రోగశాస్త్రం), మైక్రోబయాలజీ (సూక్ష్మజీవుల శాస్త్రం), ఎపిడమియాలజీ (జబ్బు ఎక్కడ, ఎలా పాకుతుందో చెప్పే శాస్త్రం) లాంటి సబ్జెక్టులు ఉంటాయని, ఊరి ఆరోగ్యం వాటి మీద ఆధారపడుతుందని ఎవరూ చెప్పరు. రైతు దృష్టిలో కూడా పశువుల డాక్టరంటే సూది వేసే మనిషే. గేదె మేత మానేసినప్పుడు ఆయనకు కావాల్సింది మందే కాబట్టి రైతును తప్పుపట్టలేం. తప్పంతా ఆ చదువుకు అంతకుమించి విలువ కట్టని మన వ్యవస్థది.

దొమ్మ రోగాన్నే, అంటే ఆంత్రాక్స్‌నే తీసుకోండి. రాత్రి దాకా బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటుంది. కోసి చూస్తే కారణం తెలుస్తుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. రోగశాస్త్రం సరిగ్గా చదివిన డాక్టరు అక్కడ కత్తి తీయడు. చెవి దగ్గర చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపు కింద చూస్తాడు. కళేబరాన్ని కోస్తే లోపలి బ్యాక్టీరియా గాలి తగిలి స్పోర్లుగా, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే బీజాలుగా మారుతుంది. అవి మట్టిలో దశాబ్దాలపాటు బతుకుతాయి. ఆ గొర్రెను ఎవరూ తిరిగి తేలేరు. మిగిలిన మందను, దాన్ని కోసి వాటాలు వేసుకోబోయే మనుషుల్ని కాపాడేది మాత్రం ఆ ఒక్క స్లైడే.

డెల్టా ఊళ్లకు ఇంకా దగ్గరి జబ్బు బ్రూసెల్లోసిస్. మనవాళ్లు ఈసుడు రోగం అంటారు. చూడి గేదె నెలలు నిండకుండానే ఈసుకుపోతే మాయ తీసి శుభ్రం చేసేది చాలాసార్లు ఆ ఇంటి ఆడవాళ్లే, అదీ ఉత్త చేతులతో. ఆ మాయలోనే బ్యాక్టీరియా ఉంటుంది. కాచని పాల ద్వారా కూడా మనిషికి వస్తుంది. వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు, నీరసం చూసి మలేరియా అనో టైఫాయిడ్ అనో మందులు వాడుతూ నెలలు గడిపేస్తారు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన టీకా కార్యక్రమంలో గాలికుంటుతో పాటు ఇదీ ఉంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యదూడలకు ఒక్కసారి వేస్తారు. టీకా మంచిదే, కానీ జబ్బు ఏ ఊళ్లో ఎంత ఉందో తెలియాలంటే రక్త పరీక్షలు చేసే మనుషులు కావాలి. పొదుగువాపుకు పాలు కల్చర్‌కు (ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే ల్యాబ్ పరీక్షకు) పంపకుండా చేతికందిన యాంటీబయాటిక్ వేసేస్తే ఆ మందు చివరికి మన గ్లాసులోకే వస్తుంది. అక్కడా కొరత ఇదే.

అందుకే నా వాదన సూటిగా చెబుతాను. కొత్త కాలేజీ శంకుస్థాపనల కన్నా ముందు పాథాలజీలో, మైక్రోబయాలజీలో, ఎపిడమియాలజీలో పీజీ చేసినవాళ్లకు వాళ్లు చదివిన పనిలోనే పోస్టులు ఇవ్వాలి. శాంపిల్ ఇచ్చిన రైతుకు రిజల్ట్ ఫోన్లో చేరాలి. గొర్రె చనిపోయాక కారణం చెప్పడాన్ని కూడా వైద్యసేవగానే లెక్కించాలి.

ఇంకొకటి వెంటనే మొదలుపెట్టొచ్చు. గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ, గన్నవరం పశువైద్య కళాశాల ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. జ్వరం తగ్గని రోగిని "మీ ఇంట్లో గేదె ఉందా, ఈమధ్య ఈసుకుపోయిందా" అని అడగడం మెడికోలకు అలవాటు కావాలి. ఉందంటే గన్నవరం విద్యార్థి ఆ ఇంటి పాకలోకి వెళ్లి గేదె రక్తం తీయాలి. రెండు రిపోర్టులూ ఒకే ఫైల్లో ఉండాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. విజయవాడలో ఉన్న ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయం కూర్చుని ఒక ఒప్పందం రాసుకుని, వచ్చే బ్యాచ్ ఇంటర్న్‌షిప్‌లోనే దీన్ని పెట్టొచ్చు.