లారీ పట్టా గుడ్డతో జాకెట్: గట్టిదనం ఎక్కడుంది?

మూడేళ్ల కిందట చలికాలంలో నాన్న మిషిగన్‌లో మా ఇంటికి వచ్చారు. వాకిట్లో మంచు తీసేటప్పుడు నేను వేసుకునే జాకెట్ తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. దాని అంచు పట్టుకుని బొటనవేలితో రుద్ది చూసి, "ఇది లారీ పట్టా గుడ్డ కదరా!" అన్నారు. ఆదోనిలో పత్తి బేళ్ల లారీల మీద పట్టాలు కప్పించి, తాళ్లు బిగించి పంపడం ఆయన ఏళ్ల తరబడి చేసిన పని. ప్లాస్టిక్ పట్టాలు రాకముందు అవన్నీ మందపాటి నూలు కాన్వాసువే. కాబట్టి ఆయన గుర్తుపట్టడంలో పొరపాటేమీ లేదు.

ఈ గుడ్డను ఇక్కడ 'డక్' అంటారు. బాతుకూ దీనికీ సంబంధం లేదు. గుడ్డ అని అర్థమున్న 'డూక్' అనే డచ్చి మాట నుంచి వచ్చింది. తెరచాపలకూ డేరాలకూ సరుకు కప్పడానికీ వాడిన గుడ్డే తర్వాత పనివాళ్ల ఒంటి మీదికి చేరింది. డెట్రాయిట్‌లో 1889లో హామిల్టన్ కార్‌హార్ట్ పెట్టిన కంపెనీ మొదట రైల్వే కార్మికులకు ఓవరాల్స్ (ఛాతీ దాకా వచ్చే పని ప్యాంట్లు) కుట్టింది. సియాటిల్‌లో 1897లో మొదలైన ఫిల్సన్ కంపెనీ, కెనడాలోని క్లోండైక్‌కు బంగారం కోసం బయలుదేరిన వాళ్లకు బట్టలు అమ్మింది. తర్వాత కలప కోసేవాళ్లకు మైనం పట్టించిన కాన్వాస్ కోట్లు కుట్టి పేరు తెచ్చుకుంది. బొగ్గు, నూనె, ముళ్లు, రంపపు పొట్టు. వీటి మధ్య పనిచేసేవాళ్ల బట్ట చిరిగితే కొత్తది కొనడం అంత సులువు కాని రోజులవి.

ఇలాంటి జాకెట్ గట్టిదని అందరూ ఒప్పుకుంటారు. ఎందుకు గట్టిదంటే మాత్రం చాలామంది కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటారు. నేను చూసినంతలో ఆ గట్టిదనంలో కొంత నేతది, కొంత కుట్టుది. మిగతాది, కొన్నవాడు మొదటి రెండు మూడు నెలలు ఓర్చుకున్న ఇబ్బందిది. ఈ మూడో దాన్నే ఇప్పుడు మార్కెట్ తీసిపారేస్తోంది. నా బాధంతా అక్కడే.

ముందు నేత సంగతి. డక్ సాదా నేతే. కాకపోతే పడుగులో (నిలువున) రెండేసి పోగులు జంటగా సాగుతాయి, పేకలో (అడ్డంగా) ఒకటే పోగు. పోగుకూ పోగుకూ మధ్య సందు లేకుండా బిగించి కొడతారు. జీన్స్ గుడ్డలో కనిపించే ఏటవాలు గీతలు ఇందులో ఉండవు. బరువును చదరపు గజానికి ఇన్ని ఔన్సులని లెక్కగడతారు. పని జాకెట్లకు ఎక్కువగా వాడేది 12 ఔన్సుల గుడ్డ, అంటే చదరపు మీటరుకు దాదాపు 400 గ్రాములు. మనం రోజూ వేసుకునే టీషర్టు గుడ్డకు రెండింతల పైమాటే. ముల్లు గీరితే పై నూగు పోతుంది తప్ప పోగు తెగదు. గాలి కూడా అంత సులువుగా దూరదు.

పత్తి నారకు మరో గుణం ఉంది. తడిస్తే దాని బలం పెరుగుతుంది. పోగులు ఉబ్బి సందులు ఇంకా మూసుకుంటాయి. అందుకే వెనకటి పట్టాలు కొంతవరకైనా వానకు ఆగేవి. వెల్డింగ్ షాపులో రవ్వ పడితే నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది, నూలు మాడి చిల్లు పడుతుంది. అలాగని ఇది నిప్పుకు ఆగే బట్ట అనుకోవద్దు. మామూలు కాన్వాస్ కూడా అంటుకుంటుంది, మంటకు తట్టుకునేలా తయారుచేసే జాకెట్లు వేరే ఉన్నాయి. వానలో నానితే ఇది మోయలేనంత బరువెక్కుతుంది, ఆరడానికి రోజంతా పడుతుంది, తడిగా ఉన్నంతసేపూ చలి ఆపదు. కొండలెక్కే వాళ్లు నూలు వద్దని చెప్పేది అందుకే. నేనూ దీన్ని వానలో వేసుకోను.

ఇక కుట్టు. ఇలాంటి గుడ్డ నడిమధ్యలో చిరగడం చాలా అరుదు. పోయేది అతుకుల దగ్గరే. అందుకే ముఖ్యమైన అతుకుల్ని లోపలికి మడిచి మూడు వరుసలు కుడతారు. ఒక వరుస దారం తెగినా మిగతా రెండూ ఆపుతాయి. నా జాకెట్ ఎడమ భుజం మీద బయటి వరుస నాలుగు అంగుళాల మేర లేచిపోయింది. నాన్న చూపించేదాకా నేను గమనించనే లేదు.

మణికట్టు దగ్గర మాత్రం గుడ్డే అరిగింది. కారణం దాని గట్టిదనమే. మెత్తటి గుడ్డ రాపిడి తగిలితే పక్కకు ఒదుగుతుంది. కాన్వాస్ ఒదగదు. మడిచిన అంచు కత్తి అంచులా నిటారుగా నిలబడి రాపిడంతా తన మీదే వేసుకుంటుంది. నా కుడి చేతి అంచు మడతంతా తెగి, లోపలి తెల్ల పోగులు కుచ్చులా బయటికొచ్చాయి. ఆ మడతకు అంగుళం పైన గుడ్డ మాత్రం కొన్ననాటిలాగే ఉంది.

1970ల్లో అలాస్కా చమురు పైపులైను వేసినప్పుడు అక్కడి పనివాళ్లు ఈ బట్టలే వేసుకున్నారు. 800 మైళ్ల పొడవున, చాలాచోట్ల గడ్డకట్టిన నేల మీద సాగిన పని అది. అంత చలిలో ఆగిందంటే అంతకు మించిన ప్రచారం ఏ కంపెనీకైనా ఎందుకు? 1990 ప్రాంతంలో టామీ బాయ్ అనే న్యూయార్క్ హిప్‌హాప్ రికార్డుల సంస్థ కార్‌హార్ట్ జాకెట్ల మీద తన గుర్తు కుట్టించి పంచింది. 1994 నుంచి యూరప్‌లో 'వర్క్ ఇన్ ప్రోగ్రెస్' పేరుతో కార్‌హార్ట్‌కు ఫ్యాషన్ శాఖే వచ్చింది. ఎప్పుడూ సుత్తి పట్టనివాళ్లు వేసుకోవడం తప్పని నేననను. నేను చేసేదీ కంప్యూటర్ ముందు ఉద్యోగమే. మంచి గుడ్డ ఎవరి ఒంటి మీదున్నా మంచి గుడ్డే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కొత్త కాన్వాస్ జాకెట్ గంజి పెట్టిన అట్టలా ఉంటుంది. చేతులు పైకెత్తనివ్వదు, కారు స్టీరింగ్ తిప్పుతుంటే మోచేతుల దగ్గర పొడుచుకుంటుంది. నెలలు గడిస్తే మన మోచెయ్యి ఎక్కడ వంగుతుందో అక్కడే మడత పడుతుంది, మన జేబులో ఏముంటుందో ఆ ఆకారమే జేబు తీసుకుంటుంది. జనం ఇష్టపడేది నిజానికి ఈ దశనే. కాకపోతే అది మొదటి రోజే కావాలంటున్నారు. దాంతో కంపెనీలు ఫ్యాక్టరీలోనే రాళ్లతో, రసాయనాలతో ఉతికి, రంగు వెలిసేలా చేసి అమ్ముతున్నాయి. ఆ ఉతుకు మెత్తదనాన్ని ఊరికే ఇవ్వదు, పోగుల బలంలో కొంత తీసుకుంటుంది. అంటే ఆ జాకెట్ ఆయుష్షులో కొన్నేళ్లు మన కంటే ముందే ఎవరో వాడేశారు, డబ్బు మాత్రం మనం ఇచ్చాం. నూలులో సాగే పోగు కలిపేది ఇంకో రకం. వంగి లేచే పనివాడికి అది నిజంగా సుఖమే, కాదనను. కానీ డ్రయర్ వేడికి నూలు కంటే ముందు అలసిపోయేది ఆ సాగే పోగే.

మన తెలుగువాళ్లు ఇక్కడ కొత్తగా చలికి కోటు కొనేటప్పుడు నన్ను అడుగుతుంటారు. మైనస్ చలిలో బస్సు కోసం నిలబడాలంటే ఈకలో పాలిస్టర్ దూదో కుక్కిన తేలికపాటి కోటే కొనుక్కోమంటాను. మంచు తీయడం, గరాజ్‌లో పని, పెరట్లో కొమ్మలు కొట్టడం లాంటివి ఉంటేనే కాన్వాస్. కొంటే ఉతికి మెత్తబెట్టనిది కొనమంటాను. లేదంటే ఓ పనివాడు వేసి వదిలేసిన పాతది వెతుక్కోమంటాను. నాదీ అలా పాత బట్టల షాపులో దొరికిందే. ఛాతీ మీద ఎవరిదో పెయింటు మరక ఇంకా ఉంది.

ఆ చలికాలం నాన్న ఊరికే కూర్చోలేక దబ్బనం అడిగారు. ఇక్కడ గోనెసంచులు కుట్టే దబ్బనం ఎక్కడ దొరుకుతుంది? తోలు కుట్టే సూది, మైనం రాసిన దారం తెచ్చిచ్చాను. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, తెగిన అంచు చుట్టూ పట్టీలా వేసి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని కుట్టారు. సూది దిగక మధ్యమధ్యలో దాన్ని టేబులు అంచుకు ఆనించి నొక్కేవారు. కుడి చెయ్యి అయ్యాక, ఇంకా తెగని ఎడమ అంచుకు కూడా పట్టీ వేశారు. "రేపో మాపో ఇదీ పోతుంది, ఇప్పుడే వేస్తే గుడ్డ మిగులుతుంది" అన్నారు. కిందటి నెల జిప్పు పోయింది. మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ కొత్త జిప్పు వేయడానికి ఒప్పుకుని, ఆ నీలం పట్టీ ఎవరు కుట్టారని అడిగింది.