క్లచ్ విప్పినప్పుడే చూసుకోండి

పాత పోర్షే బాక్స్‌స్టర్, 996 (911 కారులో ఒక తరం) కొన్నవాళ్లంతా ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ (ఇంజన్ లోపల తిరిగే ఒక ఇరుసును మోసే భాగం, ఇది విరిగితే ఇంజనే పాడైపోతుంది) వెంటనే మార్చేయాలని ఒకరు పోస్టులో రాశారు కానీ, ముందు అది ఏ ఏడాది ఇంజనో చూడాలి కదండీ. సుమారు 2000–2005 మధ్య వచ్చిన సింగిల్ రో (ఒకే వరస గుండ్లున్న) బేరింగే ఎక్కువ టెన్షన్ పెట్టేది. ఆ తర్వాత వచ్చిన పెద్ద బేరింగ్ ఇంజన్ మొత్తం విప్పితే గానీ బయటికి రాదు, దాని జోలికి పోకపోవడమే నయం. 996 టర్బో, జీటీ3 వాళ్లకి అసలు ఈ గొడవే లేదు, అదృష్టవంతులు! ఆ సింగిల్ రో బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, ఖర్చులో పెద్ద భాగం ఆ కూలికే పోతుంది, కాబట్టి క్లచ్ అరిగి ఎలాగూ దించే రోజునే ఇదీ కానిచ్చేస్తే సరి. అంతవరకు ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మడతలు విప్పి లోహపు రజను మెరుస్తోందేమో చూడండి. కనబడిందా, ఇక కొత్త బేరింగ్ ఒక్కటీ వేసి లాభం లేదు, ఆ రజను అప్పటికే ఇంజనంతా తిరిగేసి ఉంటుంది.