శాతకర్ణి సవరించుకున్న ఉత్తర్వు

శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి పేరు చెప్పగానే నోటికొచ్చే బిరుదు త్రిసముద్రతోయపీతవాహనుడు. ఆయన గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయట. పోటీ పరీక్షలకు చదివినవాళ్లకైతే దాని వెనకే ఏకబ్రాహ్మణుడు, క్షత్రియ దర్పమాన మర్దనుడు, క్షహరాత వంశ నిరవశేషకరుడు వరసగా వచ్చేస్తాయి. ఇవన్నీ ఒకే చోటివి. నాసిక్ దగ్గర త్రిరశ్మి కొండ మీద, మూడో నంబరు గుహ వరండాలో చెక్కిన ప్రాకృత శాసనం. చెక్కించింది రాజు కాదు, ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ. అదీ మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి రాజ్యానికొచ్చిన 19వ ఏట. కొడుకు పోయి ఏళ్లు గడిచాక ఒక ముసలి తల్లి తలచుకున్న తీరు అది.

అందులో ఆ కొడుకు శకులను, యవనులను, పహ్లవులను మట్టుపెట్టినవాడు, క్షహరాత వంశాన్ని మిగలకుండా తుడిచేసినవాడు. తప్పు చేసిన శత్రువు ప్రాణం తీయడానికి కూడా మనసొప్పనివాడు. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయని అడగకండి, తల్లికి పొసుగుతాయి. కానీ మన పాఠ్యపుస్తకాలూ, వేదికల మీద ఉపన్యాసాలూ, ఆమధ్య వచ్చిన సినిమా కూడా ఈ ఒక్క శాసనాన్ని పట్టుకునే రాజును నిలబెట్టాయి. చిత్రమేమిటంటే అదే వరండాలో ఆయన బతికుండగా స్వయంగా పంపిన ఉత్తర్వులు రెండున్నాయి. ఆయన పాలన ఎలాంటిదో తెలియాలంటే ముందు చదవాల్సినవి అవి.

మొదటిది పాలన 18వ ఏటిది. జయించిన సైన్యం విడిది చేసిన చోటు నుంచి నాసిక్ దగ్గరి గోవర్ధనంలోని అమాత్యుడు విష్ణుపాలితుడికి వెళ్లింది. పశ్చిమ కఖడి అనే ఊళ్లో, అప్పటిదాకా ఉషవదాతుడి అనుభవంలో ఉన్న 200 నివర్తనాల (నివర్తనం అప్పటి భూమి కొలత) పొలాన్ని త్రిరశ్మి కొండ మీది సన్యాసులకు ఇస్తున్నామని సారాంశం. ఉషవదాతుడంటే ఓడిపోయిన శక క్షత్రపుడు, అంటే శకుల పాలకుడు, ఆ క్షహరాత వంశపు నహపాణుడి అల్లుడు. ఇదే కొండ మీద పదో నంబరు గుహ అతను తొలిపించిందే. భిక్షువుల ఖర్చులకని గోవర్ధనంలోని నేతగాళ్ల శ్రేణుల (వృత్తి సంఘాల) దగ్గర 3,000 కార్షాపణాలు, అంటే అప్పటి నాణేలు, వడ్డీకి వేసి, కొంత మొత్తానికి నెలకు నూటికి ఒకటి, మిగతాదానికి ముప్పావు చొప్పున ఎంతొస్తుందో లెక్కతో సహా గోడ మీద రాయించిన మనిషి. అలాంటి దాత మీద గెలిచాక మన రాజు చేసిన మొదటి పనుల్లో ఒకటి అతని పొలాన్ని తన పేరున మళ్లీ దానమివ్వడం. కార్లే గుహల దగ్గరా ఇదే కథ. ఉషవదాతుడు భిక్షువులకిచ్చిన కరజిక గ్రామాన్ని ఈయన మళ్లీ ఇచ్చాడు.

రెండో ఉత్తర్వు 24వ ఏటిది. ఆయన పాలించింది 21 ఏళ్లేనని పురాణాలు అంటాయి, అది వేరే సంగతి. ఈసారి గోవర్ధనంలో అమాత్యుడు శ్యామకుడు. ముందు అతని ఆరోగ్యం అడిగి తర్వాత అసలు విషయానికొస్తారు. కఖడిలో మేం ఇదివరకు ఇచ్చిన పొలం సాగులో లేదు, ఆ ఊళ్లో జనమే లేరు, కాబట్టి ఇక్కడే పట్నం పొలిమేరలో ఉన్న మా రాచభూమిలోంచి 100 నివర్తనాలు ఇస్తున్నాం. అంతే.

నాకు ఈ శాసనమంటే పిచ్చి ఇష్టం. పట్టా చేతికొచ్చింది, వెళ్లి చూస్తే దున్నేవాడు లేడు, ఊరు ఖాళీ. ఈ బాధ తెలుగు పల్లెల్లో తెలియనిదెవరికి? 18వ ఏడు యుద్ధం నడిచిన ఏడు. సైన్యాలు తొక్కిన నేల మీద రైతులు నిలవలేదని నా ఊహ. భిక్షువులు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో కానీ ఆరేళ్లకు జీవో సవరించారు. 200 కాస్తా 100 అయింది, కానీ పండే నేల దొరికింది. పైగా తాము ముందిచ్చిన దానం అక్కరకు రాలేదన్న ముక్కను దాచకుండా రాతి మీదే చెక్కించారు. మూడు సముద్రాల బిరుదు కన్నా ఈ ఒప్పుకోలు అరుదైనదని నాకనిపిస్తుంది.

ఆ పొలానికి ఇచ్చిన రక్షణలు చూడండి. రాజోద్యోగులు అందులో అడుగు పెట్టకూడదు, చెయ్యి వేయకూడదు, ఉప్పు కోసం తవ్వకూడదు. ఇన్ని వద్దులు రాశారంటే మిగతా పొలాల్లో అవన్నీ మామూలుగా జరిగేవనే కదా. కొడుకు ధర్మంగానే పన్ను వసూలు చేసేవాడని తల్లి మెచ్చుకుంది. పన్ను వసూలు నేల మీద ఎలా ఉండేదో ఈ మినహాయింపుల జాబితా చెబుతోంది.

1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ నహపాణుడివే. వాటిలో మూడింట రెండొంతులకు పైగా నాణేలపై గౌతమీపుత్రుడు తన ముద్ర కొట్టించాడు. ఒకవైపు మూడు వంపుల కొండ గుర్తు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. కరిగించి కొత్తవి పోయించలేదు, ఉన్నవాటి మీదే అచ్చు గుద్దేశారు. కొండ గుర్తు అంచుల్లోంచి నహపాణుడి ముక్కో, తలకట్టో, గ్రీకు అక్షరం ముక్కో ఇప్పటికీ తొంగి చూస్తుంటాయి. వంశాన్ని మిగలకుండా తుడిచేశాడన్న మాట ఆ నాణేలు చూశాక అంత తేలిగ్గా నోటికి రాదు. పొలం, ఊరు, నాణెం అన్నీ పాతవే, పేరు మాత్రం మారింది. దీన్ని తక్కువ చేసి అనడం లేదు. సంతలో చెల్లుబాటయ్యే వెండిని ఒక్కసారిగా వెనక్కి లాగితే ఏమవుతుందో ఈ కాలంలో మనమూ చూశాం. ఆయన ఆ టెన్షన్ పెట్టలేదు.

ఆ గెలుపు ఎంతకాలం నిలిచింది? బాలశ్రీ తన కొడుకు ఏలిన దేశాలుగా చెప్పిన సురాష్ట్రం, కుకురం, అపరాంతం, అనూపం, ఆకరావంతి, ఈ పేర్లన్నీ సుమారు క్రీ.శ. 150 నాటి శక పాలకుడు రుద్రదాముడి జునాగఢ్ శాసనంలో అతని రాజ్యంలో కనిపిస్తాయి. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు గెలిచి, దగ్గరి బంధువని వదిలేశానని రాయించుకున్నాడు రుద్రదాముడు. ఆ శాతకర్ణి తర్వాతి తరం వాడని ఎక్కువమంది మాట. బంధుత్వం ఎలా కలిసిందంటే, వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి, రుద్రదాముడిదే అయిన కార్దమక వంశపు మహాక్షత్రపుడి కూతురని కన్హేరి శాసనం చెబుతోంది. అంటే శకుల ఆడపడుచు. వర్ణసంకరాన్ని ఆపినవాడని బాలశ్రీ పొగిడిన కొడుకు వంశంలోకి కోడలు అక్కడి నుంచే వచ్చింది. రాచరికం అవసరాలు ప్రశస్తిని అడిగి నడవవు.

నాణేలకు ఆయన చేసిన పనే మనం ఆయనకూ చేశాం, పాతదాని మీద మన అచ్చు గుద్దాం. అమరావతిని ఆయన రాజధానిని చేశాం, ఆయన్ను తెలుగు చక్రవర్తిని చేశాం. శాతవాహనులు తమ శాసనాల్లో ఎక్కడా తమను ఆంధ్రులని చెప్పుకోలేదు, ఆ మాట పురాణాలది. బాలశ్రీ దేశాల జాబితాలో ఆంధ్ర పేరు లేదు. పులుమావి ఊరు పైఠాన్ అని గ్రీకు భూగోళ రచయిత టాలెమీ రాశాడు. అదీ గోదావరి ఒడ్డే, కాకపోతే మహారాష్ట్రలో. అమరావతిలో దొరికింది పులుమావి కాలపు శాసనం. తెలంగాణలోని కోటిలింగాలలో వంశ మూలపురుషుడి నాణేలే దొరికాయి కాబట్టి మనకు వాటా లేదని ఎవరూ అనలేరు. మొత్తం మనదేనంటేనే తంటా.

ఇక శాలివాహన శకం, శాతవాహనుల పేరున చెప్పుకునే సంవత్సరాల లెక్క. 2025 ఉగాదికి పంచాంగాల్లో 1947 అని వేశారు. శాతవాహనులు ఏ శకమూ వాడలేదు, ఫలానా రాజు ఫలానా ఏడు అని లెక్కపెట్టుకున్నారు. క్రీ.శ. 78లో మొదలైన ఈ లెక్క వాడింది రుద్రదాముడి వంశం. శత్రువుల కాలెండరు మీద వందల ఏళ్ల తర్వాత ఎవరో శాలివాహనుడి పేరు గుద్దారు. కింద శక అన్న మాట మాత్రం అలాగే మిగిలిపోయింది, జోగల్‌తంబి నాణెం మీద నహపాణుడి ముక్కులాగా.

24వ ఏటి సవరణ ఉత్తర్వు రాజు ఒక్కడి పేరున వెళ్లలేదు. రాజమాత పేరూ ఉంది. అందులో ఆమెను జీవసుత అన్నారు, కొడుకు బతికున్న తల్లి అని. పులుమావి 19వ ఏట అదే వరండాలో చెక్కించిన పెద్ద శాసనంలో ఆమె మహారాజు తల్లి, మహారాజు నాయనమ్మ. ఆ పాత మాట మళ్లీ వాడలేదు.